మందు తిత్తి ఇచ్చిన నిద్ర

2003 ఏప్రిల్‌లో నేను మదనపల్లెలోని ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా చేరాను. తొంభైల దశకమంతా చిత్తూరులో గడిపి వచ్చినదాన్ని కాబట్టి సీనియర్ అన్నారు గానీ, నా కింద జూనియర్ అంటూ ఎవరూ లేరు. వారంలో ఎక్కువ రోజులు ఆసుపత్రిలోనే పని. బుధవారం మాత్రం ఊళ్ళ మీదికి వెళ్ళాలి. ఆపరేషన్ చేయించుకుని ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు మళ్ళీ మదనపల్లె దాకా రాలేరని, నన్నే వాళ్ళ దగ్గరికి పంపే పద్ధతి పెట్టారు మా డాక్టరు గారు. పొద్దున పుంగనూరులో ఒక మందుల షాపు వెనక గదిలో కూర్చునేదాన్ని. మధ్యాహ్నానికి కుప్పం చేరి ఒక క్లినిక్కు వరండాలో చూసేదాన్ని. రాత్రికి అక్కడే మా చిన్నమ్మ ఇంట్లో పడుకుని మర్నాడు తిరుగు బస్సు పట్టేదాన్ని.

ఆ బుధవారాలు ఇప్పుడు విడివిడిగా గుర్తుకు రావు. అన్నీ కలిసి ఒకే పొడుగాటి ఉదయంలా అనిపిస్తాయి. బస్సు మదనపల్లె దాటాక వెనక్కి తిరిగి చూస్తే హార్స్లీ హిల్స్ సగం మబ్బులో ఉండేది. దారి పక్కన టమోటా తోటల్లో పాతిన కర్రలు మంచులో బారులు బారులుగా కనబడి మాయమయ్యేవి. పలమనేరు దాటి బైరెడ్డిపల్లె మెట్ట పొలాలు వచ్చేసరికి నా కళ్ళు మూతలు పడేవి. నిద్రపోయేదాన్నో మేలుకునే ఉండేదాన్నో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. కుప్పం వచ్చిందని కండక్టరే వచ్చి లేపేవాడు.

పనిలో కూడా నాకు కళ్ళు మూసుకునే అలవాటు ఉంది. రోగి తన చేతిని పూర్తిగా సడలిస్తే దాన్ని మేమే ఎత్తి, తిప్పి, కీలు ఎంతవరకు వస్తోందో చూస్తాం. ఆ సమయంలో కళ్ళతో పని లేదు. ఒక అరచెయ్యి భుజం మీద ఆనించి ఉంచితే లోపల జరిగేదంతా అరచేతికి తెలుస్తుంది. నేను అలా కళ్ళు మూసుకున్నప్పుడల్లా డాక్టరు గారు, "వసంతమ్మ గారు నిద్రలోకి జారుకున్నారు, గట్టిగా మాట్లాడకండి" అని ఆటపట్టించేవారు. నాకు ఒళ్ళు మండేది. అయినా అలవాటు మానలేదు.

డాక్టరు గారి పేరు సుధాకర్. నాకంటే వయసులో చిన్నవాడు. భుజానికి పెద్ద కోత పెట్టకుండా, చిన్న రంధ్రాల్లోంచి గొట్టం పంపి, టీవీ తెరమీద చూస్తూ లోపల కుట్టడం నేర్చుకుని వచ్చాడు. ఆ రోజుల్లో మా వైపు అది కొత్త. హస్తవాసి మంచిదని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరు. మా జనానికి హస్తవాసి అంటే ఆపరేషన్ ఎంత చక్కగా జరిగిందన్నది కాదు, ఎంత తక్కువ నొప్పితో గడిచిందన్నదే. నొప్పి తెలియకుండా చేసినవాడు మంచి డాక్టరు, నొప్పెట్టినవాడు మొరటు డాక్టరు. సుధాకర్ గారికి కూడా వార్డులో మూలుగు వినబడితే కాలు నిలిచేది కాదు. అన్నం ముందు నుంచి లేచి వచ్చిన రోజులు నేను చూశాను.

అందుకే ఆ ఏడాది ఒక కంపెనీ మనిషి తెచ్చి చూపించిన పెయిన్ పంపు ఆయనకు తెగ నచ్చింది. అది చిన్న దానిమ్మ పండంత రబ్బరు తిత్తి. అందులో మొద్దుబార్చే మందు నింపుతారు. దాన్నుంచి దారమంత సన్నని గొట్టం ఒకటి ఆపరేషన్ చేసిన కీలు లోపలికి వెళ్తుంది. కరెంటు అక్కర్లేదు. తిత్తి తనంతట తాను ముడుచుకుపోతూ మందును చుక్కలు చుక్కలుగా కీల్లోకి వదులుతుంది. రోగి దాన్ని నడుముకు కట్టుకుని తిరగొచ్చు. మా వాళ్ళు దానికి మందు తిత్తి అని పేరు పెట్టారు. తిత్తి ఖాళీ కాగానే గొట్టం తీసేయాలి. కానీ ఇంకొక్క రోజు ఉంచమని రోగులు బతిమాలితే డాక్టరు గారు కాదనలేక మళ్ళీ నింపించేవారు. ఆయన దృష్టిలో అది దయ. రోగి దృష్టిలో అది మర్యాద. ఆ రెండిటికీ అడ్డు చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఆ తిత్తి కట్టుకున్న తొలివాళ్ళలో మునిరత్నం ఒకడు. కుప్పం దగ్గర పల్లెటూరు అతనిది. చింతచెట్లు దులిపే పని. మాఘ ఫాల్గుణాల్లో ఊళ్ళమ్మట తిరుగుతూ, పొడవాటి వెదురు గడ పట్టుకుని, రెండు చేతులూ తలకు పైన ఎత్తి కొమ్మల్ని కొట్టాలి. అతనికి రెండు భుజాలూ పుట్టుకతోనే కాస్త వదులు. గడ విసిరేటప్పుడు కుడి కీలు జారిపోయేది. తనే కొమ్మ పట్టుకుని వేలాడి, దాన్ని మళ్ళీ ఎక్కించుకుని పని చేసుకునేవాడట. ఆ వర్షాకాలంలో కుడి భుజానికి ఆపరేషన్ అయింది. ఎడమది కూడా జారడం మొదలైంది కాబట్టి, కుడిది కుదురుకున్నాక దానికీ చేద్దామని డాక్టరు గారు చెప్పారు. అతని ఆశలన్నీ ఆ మాట మీదే పెట్టుకున్నాడు. చేతులు పైకి లేవకపోతే అతనికి వేరే పని రాదు.

తిత్తి గురించి అతను చెప్పిన తీరు నేను మరిచిపోలేదు. "అమ్మా, ఆ నాలుగు దినాలు నిద్ర పోయినాను సూడు, అట్లాంటి నిదర పుట్టినప్పటి నుంచీ ఎరగను. చెయ్యి ఉండాదా పోయిందా కూడా తెలీల్యా. మబ్బు మింద పండుకున్నెట్ల ఉండె" అన్నాడు. ఖాళీ అయిన తిత్తిని అతనే అడిగి మళ్ళీ నింపించుకున్నాడు. ఆ నిద్ర గురించి చెప్పేటప్పుడు అతని ముఖంలో ఎండలో కష్టం చేసేవాళ్ళ ముఖాల్లో ఎన్నడూ కనబడని ఒక మెత్తదనం కనబడేది. ఆ మాటలు వింటుంటే నాకూ మనసు తేలిపోయేది.

మొదటి రెండు నెలలూ కుడి చెయ్యి బాగానే లేచింది. దీపావళి దాటాక బిగుసుకోవడం మొదలైంది. వారం వారం కోణమానితో కొలిస్తే వారం వారం తగ్గింది. చెయ్యి ఎంతవరకు లేస్తుందో డిగ్రీల్లో చూపే రెండు రెక్కల పరికరం అది. సంగతి చెబితే డాక్టరు గారు వెంటనే, "ఎక్సర్‌సైజులు సరిగ్గా చేసి ఉండడు" అన్నారు. మా వృత్తిలో ఇంతకంటే సులువైన తీర్పు లేదు. కీలు బిగిస్తే తప్పు ఎప్పుడూ రోగిదే. ఆ మాట మునిరత్నం భార్య రాజమ్మతో అంటే ఆమె నా మీద ఇంతెత్తున లేచింది. "ఏల చేయడమ్మా? దూలానికి తాడు కట్టి, దినమ్మూ నేనే దగ్గరుండి లాగిస్తాండా. కావాలంటే వచ్చి సూడు, తాడు అరిగిపోయి ఉండాది" అంది. నేను వెళ్ళి చూశాను. ఆమె చెప్పింది నిజమే.

అదే కాలంలో పుంగనూరులో నేను చూస్తున్న మరో భుజం మస్తాన్‌ది. అతను గోడల మీద, అంగళ్ళ మీద బోర్డులు రాసేవాడు. నిచ్చెన మీది నుంచి పడి భుజం జారింది. సరిగ్గా రంజాన్ నెల మొదలయ్యే ముందు రోజు అతనికి ఆపరేషన్ జరిగింది. చేసింది అదే డాక్టరు, వేసింది అవే కుట్లు, ఎముకలో బిగించింది అవే మరలు. తిత్తి కూడా పెట్టారు. కానీ మర్నాడు పొద్దున్నే అతను గొట్టం తీసేయమని పట్టుబట్టాడు. తీసేశాక పగలంతా పళ్ళు బిగబట్టి పడుకున్నాడట. సాయంత్రం ఉపవాసం విడిచాకే మాత్ర వేసుకున్నాడట. మా నర్సులు అతణ్ణి మొండి ఘటం అనుకున్నారు, నేనూ విని ఊరుకున్నాను.

2004 ఫిబ్రవరిలో ఒక బుధవారం. పుంగనూరులో చింతపండు బస్తాల కాలం. ఊరంతా పులుపు వాసన. మస్తాన్ బల్ల మీద పడుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని అతని చెయ్యి ఎత్తాను. నా అరచేతి కింద ఏమీ లేదు. ఏమీ తెలియకపోవడమే మంచి కీలు గుర్తు. ఎముక చివర తెల్లగా, నున్నగా మృదులాస్థి అనే పూత ఉంటుంది. అది ఉన్నంతకాలం కీలు చప్పుడు లేకుండా జారుతుంది. అతని చెయ్యి చెవి పక్కదాకా వెళ్ళి ఆగింది. వీధి చివర గోడ మీద పైవరస అక్షరాలు తనే రాశానని నవ్వుతూ చెప్పాడు.

అదే రోజు మధ్యాహ్నం కుప్పంలో మునిరత్నం చెయ్యి ఎత్తాను. మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. ఈసారి అరచేతి కింద ఇసుక తిరిగింది. తడి ఇసుకలో రుబ్బురాయి తిప్పినట్టు ఒకటే గరగర. నలభై ఏళ్ళు దాటని మనిషిలో అలాంటి కీలు నేను అంతవరకు చూడలేదు. చెయ్యి ఛాతీ దాటి పైకి రాలేదు. అతను మాత్రం వేరే లోకంలో ఉన్నాడు. చింతచెట్ల కాలం అయిపోయాక ఎడమ భుజానికి ఆపరేషన్ కదా, "ఈసారి తిత్తిని ముందే రెండు దఫాలు నింపమని డాక్టరు పెద్దాయప్పకు సెప్పమ్మా" అని అడిగాడు. సరేనని తలూపాను గానీ ఆ గరగర నా అరచేతిని వదల్లేదు.

మర్నాడు తిరుగు బస్సులో ఎప్పటిలాగే కళ్ళు మూతలు పడ్డాయి. సగం నిద్రలో రెండు భుజాలూ పక్కపక్కన కనబడ్డాయి. రెండిటి మీదా సుధాకర్ గారి చేతులే ఉన్నాయి, కుట్లు కూడా ఒకే రకం. ఒకదాంట్లోకి సన్నని గొట్టం దిగి ఉంది, రెండోదాంట్లో గొట్టం లేదు. బస్సు గతుకులో పడి కళ్ళు తెరిచేసరికి బైరెడ్డిపల్లె చేలు వెనక్కి పోతున్నాయి. కల పోయింది గానీ గొట్టం మాత్రం కళ్ళ ముందే నిలబడింది.

కలను నమ్మి డాక్టరుతో మాట్లాడలేం. అందుకని మరుసటి వారం మస్తాన్‌ను అడిగాను, గొట్టం ఎన్ని గంటలకు తీశారు, ఎందుకు తీయించావు అని. అతను కాస్త సిగ్గుపడ్డాడు. "మసీదులో హజరత్ కూడా సెప్పినాడు మేడమ్, జబ్బుగా ఉండేవాడికి రోజా ఉపవాసం మాఫీ అని. నా మనసే ఒప్పుకోల్యా. నేను గుటక నీళ్ళు తాగకుండా ఉండి, నా భుజం దినమంతా మందు తాగతా ఉంటే అదేం రోజా?" అన్నాడు. అంటే ఆ కీల్లోకి మందు వెళ్ళింది ఒక్క పూట. మునిరత్నం కీలు ఆ మందులో నాలుగు రోజులు నానింది.

డాక్టరు గారితో నేను రోగులెవరూ లేని సమయం చూసి మాట్లాడాను. వరసగా చెప్పాను: ఇద్దరికీ తేడా ఎక్కడుంది, తాడు సంగతేమిటి, నా అరచేతికి తెలిసిందేమిటి. ఆయన ముఖం ఎర్రబడింది. ఇద్దరు మనుషులతో ఏదీ రుజువు కాదన్నారు. అది నిజమే. చీము పట్టి ఉండొచ్చన్నారు, క్షయ కావచ్చన్నారు, మర బయటికి పొడుచుకుని కీలును గీస్తుండవచ్చన్నారు. అన్నీ చూడండి అన్నాను. మునిరత్నాన్ని పిలిపించి ఒక్కొక్కటే చూశారు. కీల్లోంచి సూదితో తీసిన నీరు తేటగా ఉంది. రక్త పరీక్షల్లో ఏమీ లేదు. మరలు వేసినచోటే ఉన్నాయి. ఎక్స్‌రేలో మాత్రం రెండు ఎముకల మధ్య ఉండాల్సిన సందు లేదు. ఎముకకు ఎముక తగులుతోంది. ఆయన ఆ ఫిల్మును వెలుగు పెట్టె మీద పెట్టి, సందు ఉండాల్సిన చోటును వేలితో వెతికారు.

తర్వాత తిత్తి కట్టించుకున్న మిగతా భుజాల వాళ్ళను కూడా పిలిపించారు. అందరికీ చెడిందని చెప్పలేను. ఒకరికి బాగానే ఉంది. కానీ తిత్తిని మళ్ళీ నింపించుకున్న ఇంకో ఆమెకు అదే గరగర మొదలై ఉంది. రోజుల తరబడి ఆ మందులో నానిన మృదులాస్థి చచ్చిపోతోందని మాకు అర్థమైంది. దానికి నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. అది చచ్చిపోతున్నా నొప్పెట్టదు, చచ్చాక తిరిగి పుట్టదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఇతర దేశాల్లోనూ ఇదే విషయం బయటపడింది, కీలు లోపలికి అలా మందు వదలవద్దని హెచ్చరికలు వచ్చాయి. మాకు మాత్రం అప్పటికి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ పరీక్షలన్నీ అయ్యాక వచ్చిన బుధవారం సుధాకర్ గారు కారులో నాతో పాటు కుప్పం వచ్చారు. వరండాలో మునిరత్నం ఎదురుగా స్టూలు మీద కూర్చుని, కుడి భుజం చెడడానికి తాము పెట్టిన తిత్తే కారణమని తాను నమ్ముతున్నానని, అప్పుడు తెలియదని, ఎడమదానికి ఆపరేషన్ చేస్తే అది పెట్టనని చెప్పారు. చుట్టుతిప్పుడు లేదు. నేను ఎన్నో ఆసుపత్రుల్లో పనిచేశాను. ఒక డాక్టరు రోగికి అంత సూటిగా చెప్పడం మళ్ళీ ఎక్కడా చూడలేదు. నాకు ఆయన మీద ఆ రోజు గౌరవం కలిగింది. రాజమ్మకు అదేమీ కలగలేదు. "అంటే మీరు పెట్టిందే మా ఆయప్ప కీలును తినేసిందా సార్?" అని అడిగింది. ఆయన అవునమ్మా అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్ళిపోయింది. మునిరత్నం తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, "ఆ నిదరకు ఇంత బాడుగా?" అని మాత్రం అన్నాడు.

వేసవి చివర్లో అతను ఎడమ భుజానికి వచ్చాడు. వస్తాడని నేను అనుకోలేదు. వేరే దారి లేదు కాబట్టి వచ్చాడు. ఆ చెయ్యి కూడా పోతే అతను ఏ చెట్టు కిందా నిలబడలేడు. ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు మధ్యాహ్నానికి అసలు నొప్పి మొదలైంది. సూదిమందులు, మాత్రలు, ఐసు, చెయ్యి కింద దిండు, మాకు తెలిసినవన్నీ చేశాం. భుజం ఆపరేషన్ నొప్పి మిగతా నొప్పుల్లా ఉండదు, పడుకోనివ్వదు, కూర్చోనివ్వదు. అతను మూలిగాడు. తర్వాత అరిచాడు. చివరికి నా చెయ్యి పట్టుకుని, "ఆ తిత్తి పెట్టమ్మా, నీ కాళ్ళు మొక్కుతాను. కీలు పోతే పోనీ, ఒక్క దినం నిదర పోతాను" అని ఏడ్చాడు. రాజమ్మ కూడా పెట్టేయమనే అంది.

సుధాకర్ గారు వార్డు గుమ్మంలో నిలబడి వింటున్నారు. మిగిలిన తిత్తులు అప్పటికింకా ఆపరేషన్ థియేటరు అల్మరాలోనే ఉన్నాయి. తాళం ఆయన జేబులో ఉంది. ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళడం నేను చూశాను. నిజం చెప్పాలంటే, పెట్టేస్తే బాగుండునని నాకూ అనిపించింది. కిటికీలోంచి వచ్చిన ఎండ మంచం మీద సగం దాకా పాకింది. వార్డంతా ఒక్కసారిగా నీళ్ళ అడుగున ఉన్నట్టు మసకగా, దూరంగా తోచింది.

ఆయన జేబులోంచి చెయ్యి తీసి లోపలికి వచ్చారు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "లేదప్పా, పెట్టను" అన్నారు. మునిరత్నం నోటికి వచ్చినట్టు తిట్టాడు. వాళ్ళమ్మను, వీళ్ళమ్మను, డాక్టరు గారి చదువును కూడా వదల్లేదు. ఆయన తల వంచుకుని వింటూ, అతని మోచేతిని కింది నుంచి ఎత్తిపట్టుకుని కూర్చున్నారు. భుజానికి బరువు తగ్గితే కాస్త ఉపశమనం ఉంటుంది. చీకటి పడే వేళకు తిట్లు ఆగాయి. అతను నిద్రపోలేదు, కానీ అరవడం మానాడు.

ఎడమ భుజం కుదురుకుంది. మరుసటి చింతకాపుకు ఆ చెయ్యి చెవి దాకా లేచింది, నా అరచేతి కింద ఏమీ తెలియలేదు. కుడిది ఛాతీ ఎత్తు దాటలేదు. ఎడమ చేత్తో గడ ఎత్తి, కుడి చేత్తో కింది నుంచి ఆనించి పట్టుకుని చెట్లు దులపడం అతను నేర్చుకున్నాడు. ముందంత వేగం రాలేదు. సుధాకర్ గారిని అతను క్షమించలేదు, కుట్లు తీయించుకున్నాక మా ఆసుపత్రి గడప మళ్ళీ తొక్కలేదు. కుప్పం వరండాకు మాత్రం నా దగ్గరికి వచ్చేవాడు. అల్మరాలోని తిత్తుల్ని డాక్టరు గారు ఆ నెలలోనే పారవేయించారు.

నేను 2009లో ఉద్యోగం మానాను. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఏం గుర్తుంచుకోవాలని అడిగితే నేను చెప్పేది ఇదే. నొప్పి తగ్గించడం మన పనిలో భాగం, దాన్ని తక్కువ చేయను. కానీ నొప్పి లేకపోవడం ఒకటి, కీలు బాగుండటం ఇంకొకటి. హాయిగా ఉందా అని రోగిని అడగండి. కీలు ఎలా ఉందో మాత్రం మీ చేతులతో మీరే చూసుకోండి, ఆ రోజు రోగి నవ్వుతూ వచ్చినా సరే.